తాకట్టు భూమికి కోర్టు కాగితం వచ్చినప్పుడు



కోర్టు నుండి సమను వస్తే తీసుకోకూడదనీ, తీసుకోకపోతే కేసు నిలవదనీ మన పల్లెలలో ఒక మాట ఉన్నది. ఎవరు పుట్టించారో గాని తాతల నాటి నుండి నడుస్తున్నది. కోర్టు అమీను వీధి మలుపులో కనబడగానే ఇంటి యజమాని పెరటి దారిన చేనికి వెళ్ళిపోతాడు. ఇంట్లోవాళ్ళు "ఊళ్ళో లేడు సార్, ఎప్పుడొస్తాడో తెలీదు" అంటారు. అమీను వెనుదిరిగి పోగానే గండం గడిచిందని అందరూ అనుకొంటారు.

నిజానికి గండం మొదలయ్యేది అప్పుడే. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం మనిషి దొరకకపోయినా, తీసుకోనని మొండికేసినా, సమనును ఇంటి తలుపుకు అంటించి పోవచ్చు. అప్పటికీ రాకపోతే కోర్టు అనుమతితో దినపత్రికలో ప్రకటన వేయిస్తారు. దానిని మనం చదివినా చదవకపోయినా సమను అందినట్టే లెక్క. వాయిదా నాడు పేరు పిలుస్తారు, పలికేవారు ఉండరు, అవతలివారు చెప్పినదే నిజమని ఎక్స్ పార్టీ డిక్రీ అవుతుంది. ఈ ఒక్క నమ్మకం మన రైతులకు చేసినంత చెరుపు ఏ షావుకారూ చేయలేదేమో అని నాకు అనిపిస్తుంది.

ఇంతకీ ఈ నెల మనం మాట్లాడుకొనవలసిన సంగతి ఇది. భూమిని హామీగా పెట్టుకొని అప్పిచ్చినవారు ఆ హామీ చెడిపోకుండా కోర్టు ఉత్తర్వుల ద్వారా ఎలా కాపాడుకొంటారు? ఆ ఉత్తర్వులు మన ఇంటికి వచ్చినప్పుడు ఏ ఉత్తర్వుకు ఎన్ని రోజుల గడువు ఉంటుంది? అప్పిచ్చినవారంతా దుర్మార్గులని నేను అనను. మన సంఘాలలోనే పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులున్నారు, భర్త పోయిన తర్వాత వచ్చిన ఫండు డబ్బును తెలిసినవారికి వడ్డీకి ఇచ్చి బ్రతుకుతున్న తల్లులున్నారు. వారి డబ్బూ డబ్బే. చట్టం వారికీ అండగా ఉండవలసిందే.

మన ప్రాంతంలో భూమికీ అప్పుకూ ఉన్న ముడి పాతది. నిజాం 1800లో ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసినప్పుడు దత్తమండలాలు అన్నారు. 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో రైతు పేరునే శిస్తు కట్టే రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. రైతు పేర పట్టా రావడం గొప్ప మేలు. అయితే పట్టా ఉన్న భూమి అమ్మకానికీ తాకట్టుకూ పనికి వస్తుంది గనుక, అప్పు ఇచ్చేవాని చూపు పంట మీద నుండి భూమి మీదికి మళ్ళింది. 1876–78 నాటి ధాత కరువును ఇప్పటికీ పెద్దలు చెప్పుకొంటారు. అటువంటి కరువులలో తిండి గింజలకు పెట్టిన సంతకం తర్వాత పొలాన్ని అడుగుతుంది. నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయం చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. రాజాజీ మంత్రివర్గం 1938లో తెచ్చిన మద్రాసు రైతు రుణ విమోచన చట్టం అప్పటి మద్రాసు రాష్ట్రంలో భాగమైన మన కర్నూలు, కడప జిల్లాలకూ వర్తించింది. అసలుకు రెట్టింపు చెల్లించిన రైతు ఇక బాకీ లేనట్టే అని ఆ చట్టం చెప్పింది. ఆ రోజుల్లో దానివలన ఊపిరి పోసుకొన్న కుటుంబాలు ఉన్నాయి.

ఇప్పటి సంగతికి వద్దాం. ఒక కుటుంబాన్ని అనుకొందాం. కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లె, ఐదెకరాల మెట్ట. రెండు బోర్లు ఎండిపోయి మూడవది వేయడానికి మూడు లక్షలు అప్పు కావలసి వచ్చింది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు ఆరు వేలు, ఏడాదికి డెబ్బై రెండు వేలు. ఈ అప్పుకు రాసుకొనే కాగితం మూడు రకాలుగా ఉండవచ్చు. ఏ కాగితం రాశారన్నదానిని బట్టి ఆ తర్వాతి కథ అంతా మారిపోతుంది.

మొదటిది ప్రామిసరీ నోటు. దీనిలో భూమి ప్రసక్తి లేదు. రాసిన తేదీ నుండి, లేదా సంతకంతో జమ రాసిన తేదీ నుండి మూడేళ్ళలోగా దావా వేయాలి. డిక్రీ వచ్చిన తర్వాత గాని అప్పిచ్చినవాడు భూమి మీద చేయి వేయలేడు. అప్పుడు కూడా రైతు కాపురముండే ఇల్లు, బ్రతుకు తెరువుకు అవసరమని కోర్టు తలచిన ఎద్దులు, సేద్యపు పనిముట్లు, విత్తనాలు జప్తుకు రావని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతున్నది. డబ్బు డిక్రీ కింద స్త్రీలను అరెస్టు చేయడానికి లేదు.

రెండవది తనఖా పత్రం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నూరు రూపాయలు, ఆపైన ఉన్న మామూలు తనఖా ఇద్దరు సాక్షుల సంతకాలతో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు కావాలి. తెల్ల కాగితం మీద రాసుకొన్న తాకట్టు చెల్లదు. రిజిస్టరయిన తనఖాకు అప్పిచ్చినవాడు పన్నెండేళ్ళ వరకు దావా వేయవచ్చు. ప్రామిసరీ నోటు కంటే గడువు చాలా ఎక్కువ. తాకట్టు పెట్టిన ఆస్తికి ఇందాక చెప్పిన 60వ సెక్షన్ మినహాయింపు అక్కరకు రాదు, అది గుర్తుంచుకోవాలి. ఇంటిని తాకట్టు పెడితే ఇల్లూ వేలానికి వస్తుంది. అయితే మామూలు తనఖాలో అప్పిచ్చినవాడు తనంతట తాను పొలంలో దిగి దున్నుకోలేడు, అమ్ముకోలేడు. కోర్టుకు పోయి తీరాలి. బాకీ తీర్చి భూమిని విడిపించుకొనే హక్కు రైతుకు చివరిదాకా ఉంటుంది. ఫలానా తేదీకి కట్టకపోతే భూమి నీదే అని పత్రంలో రాసుకొన్నా ఆ మాట ఈ హక్కును తుడిచివేయలేదు.

మూడవది క్రయపత్రం. అసలు ప్రమాదం ఇక్కడ ఉన్నది గనుక కొంచెం నిదానంగా చదవండి. ఈ మధ్య మన ప్రాంతంలో చాలామంది అప్పిచ్చేవారు తనఖా వద్దంటున్నారు. "రిజిస్ట్రీ చేసిచ్చెయ్ న్నా, డబ్బు కట్టినంక నీ పేరుకే తిరిగి రాసిస్తా, నేనేడికి పోతా?" అంటారు. రైతు నమ్మి పూర్తి క్రయపత్రం రాసి ఇస్తాడు. పొలం తన సాగులోనే ఉంటుంది, వడ్డీ కడుతూనే ఉంటాడు. అతని మనసులో అది తాకట్టే. కాగితంలో మాత్రం అది అమ్మకం. తిరిగి రాసి ఇచ్చే షరతు అదే క్రయపత్రంలో ఉంటే తప్ప దానిని తనఖాగా చూడరాదని 1929లో ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్‌కు ఒక సవరణ చేర్చారు. షరతు నోటిమాటగా ఉన్నా, వేరే కాగితంలో ఉన్నా దానిని షరతుతో కూడిన తనఖా అనడానికి వీలు లేదు. అప్పిచ్చినవాడు ఇంకొకరికి అమ్మివేస్తే, కొన్నవాడు ఈసీ తీసి చూపించి "నాకేం తెలుసు?" అంటాడు. తనఖా దావాలో కోర్టు రైతుకు ఇచ్చే గడువులు, లెక్క చూపమని అడిగే హక్కు, వేలంలో వచ్చే ధర, మిగులు డబ్బు, వీటిలో ఒక్కటి కూడా క్రయపత్రం రాసినవానికి ఉండదు. కోర్టుకు వెళ్ళి అది అప్పు కోసం పేరుకు మాత్రం రాసిన పత్రమని రుజువు చేయడం అసాధ్యమని చెప్పను గాని, అది ఏళ్ళ తరబడి సాగే పోరాటం. అప్పు తప్పనిసరి అయితే తనఖాగానే రాయండి. స్టాంపు ఖర్చు ఎక్కువైనా సరే, తనఖాగానే రాయండి.

బ్యాంకు అప్పు సంగతి వేరు. తనఖా లేకుండా ఇవ్వవలసిన వ్యవసాయ రుణాల పరిమితిని రిజర్వు బ్యాంకు 2019లో 1 లక్షా 60 వేలకు, 2025 జనవరి 1 నుండి 2 లక్షలకు పెంచింది. ఆ లోపు అప్పుకు భూమి తాకట్టు అడిగితే ఈ సంగతి మర్యాదగా గుర్తు చేయవచ్చు. అంతకు మించినప్పుడు బ్యాంకు తనఖా రాయించుకొంటుంది.

"బ్యాంకు వాళ్ళు వచ్చి నోటీసు అంటించి తాళం వేసుకొంటారంట కదా, కోర్టు కూడా అక్కరలేదంట కదా" అని పొలాలున్నవారు కూడా భయపడుతుంటారు. ఆ అధికారం 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం వలన కలిగింది. ఇంటినో దుకాణాన్నో లక్షకు పైబడిన అప్పుకు తాకట్టు పెట్టి వాయిదాలు తప్పితే, బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, ఆ తర్వాత కలెక్టరు గారి ఉత్తర్వుతో స్వాధీనం చేసుకోవచ్చు. నోటీసుకు మన అభ్యంతరం రాసి పంపితే వారు 15 రోజులలో జవాబు చెప్పాలి. స్వాధీనం మీద 45 రోజులలో బాకీల వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. అయితే ఇదే చట్టం 31వ సెక్షన్ వ్యవసాయ భూమిని దీని నుండి మినహాయించింది. పొలం మీద అప్పిచ్చిన బ్యాంకు ఈ దగ్గర దారిన పోకూడదు. సివిల్ కోర్టుకు గాని, బాకీ 20 లక్షలు, ఆపైన ఉంటే ట్రిబ్యునల్‌కు గాని వెళ్ళి ఉత్తర్వు తెచ్చుకోవాలి.

ఇందులో ఒక మెలిక ఉన్నది. అడంగల్‌లో వ్యవసాయ భూమి అని రాసి ఉన్నంత మాత్రాన చాలదనీ, ఆ భూమి స్వభావం ఏమిటి, నిజంగా దేనికి వాడుతున్నారు అన్నది చూడాలనీ సుప్రీం కోర్టు 2018లో తమిళనాడు నుండి వచ్చిన కేసులో చెప్పింది. 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు మీద వెళ్ళిన మరొక కేసులో, అది వ్యవసాయ భూమి అని రుజువు చేసుకొనవలసిన భారం అప్పు తీసుకొన్నవారిదే అన్నది. కర్నూలు చుట్టూ, కడప చుట్టూ రోడ్డు పక్క పొలాలకు రాళ్ళు పాతి ప్లాట్లు వేసినవారు ఈ మాట గమనించాలి. రాయి పాతినప్పుడు ధర పెరుగుతుంది, నిజమే. ఆ రాయితోనే చట్టం ఇచ్చిన రక్షణ పోయే ప్రమాదం ఉన్నది. వానలు లేక రెండేళ్ళు బీడు పడిన పొలం వారు భయపడవలసిన పని లేదు గాని, శిస్తు రసీదులు, విత్తనాల బిల్లులు, పంట బీమా కాగితాలు పారవేయకుండా ఉంచుకోండి.

దావా వేసిన తర్వాత ఏమవుతుంది? తీర్పు రావడానికి ఏళ్ళు పట్టవచ్చు. ఈలోగా భూమి విలువ పోతే తీర్పు వచ్చి ఏమి లాభం? అందుకని అప్పిచ్చినవాడు మధ్యంతర ఉత్తర్వులు అడుగుతాడు. మన ప్రాంతపు ఉదాహరణే చెబుతాను. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు పొలం కింద నాపరాయి ఉంటుంది. పొలం తాకట్టు పెట్టినవాడు దానిని గని వారికి ఇచ్చి రాయి తీయిస్తే మిగిలేది గుంత. రైల్వే కోడూరు వైపు మామిడి తోట తాకట్టు పెట్టి చెట్లు కొట్టి కలపకు అమ్మితే మిగిలేది మోళ్ళు. ఎర్రమట్టి తోలించేవారి సంగతి చెప్పనక్కరలేదు. వానలకు గట్టు కొట్టుకుపోతే, బోరు ఎండిపోతే తాకట్టు పెట్టినవానిది బాధ్యత కాదు. హామీ చాలకుండా పోయేటట్లు తన చేతులతో భూమిని చెరపడం మాత్రం కూడదని ఆస్తి బదిలీ చట్టం 66వ సెక్షన్ అంటున్నది. ఎంత ఉంటే హామీ చాలినట్టు అన్నది కూడా అక్కడే ఉన్నది: పొలమైతే దాని విలువ బాకీ కంటే మూడవ వంతు ఎక్కువ, కట్టడమైతే సగం ఎక్కువ ఉండాలి. అంటే మూడు లక్షల బాకీకి నాలుగు లక్షల పొలం. అంతకు తగ్గిపోయేటట్లు తవ్వుతుంటే కోర్టు ఇంజంక్షన్ ఇస్తుంది. మాట వినకపోతే, పరిస్థితిని బట్టి, ఆస్తిని చూసుకోవడానికి రిసీవరును కూడా నియమించవచ్చు.

ప్రామిసరీ నోటు దావాలో ఇంకొక ఉత్తర్వు ఉన్నది, తీర్పుకు ముందే జప్తు. అప్పు ఎగవేయాలనే ఉద్దేశంతో ఆస్తి అమ్మేస్తున్నాడని అప్పిచ్చినవాడు ప్రమాణ పత్రంతో చూపించాలి. అమ్మేస్తాడేమో అన్న అనుమానం చాలదు. కోర్టు ముందు హామీ ఇమ్మని గాని, ఎందుకు జప్తు చేయకూడదో చెప్పమని గాని అడుగుతుంది. ఆ అడిగిన నాడు మనం హాజరై జవాబు చెబితే చాలా జప్తులు అక్కడే ఆగిపోతాయి. రైతు చేతిలో ఉన్న పంటను తీర్పుకు ముందు జప్తు చేయమని అడగడానికి వీలు లేదని కూడా కోడ్‌లో ఉన్నది. కళ్ళంలో వేరుశనగ కుప్ప మీదికి ఎవరైనా అటువంటి కాగితంతో వస్తే ఆ సంగతి మీ వకీలుకు వెంటనే చెప్పండి.

భూమి కొనేవారికి ఒక మాట. దావా నడుస్తున్న భూమిని కొంటే, దావాలో ఏ తీర్పు వస్తే దానికి కొన్నవాడు కట్టుబడాలి. జప్తులో ఉన్న భూమిని కొంటే జప్తు చేయించినవాని బాకీ ముందు ఆ అమ్మకం నిలవదు. ఈసీ తీయండి, కోర్టులో దావా ఉన్నదేమో విచారించండి. చుట్టమే కదా అని ఊరుకోవద్దు.

ఇక తనఖా దావా గెలిచిన తర్వాత భూమి వెంటనే పోదు. ఇది చాలామందికి తెలియదు. కోర్టు మొదట ప్రాథమిక డిక్రీ ఇస్తుంది. అసలు ఎంత, వడ్డీ ఎంత, ఖర్చులు ఎంత అని లెక్క తేల్చి, కట్టడానికి ఆరు నెలల వరకు గడువు పెడుతుంది. ఇక్కడ లెక్కను ఒక్కొక్క పద్దు చొప్పున చూసి, మనం కట్టినవన్నీ జమ అయ్యాయో లేదో అడగాలి. ప్రైవేటు అప్పుల మీద మరీ ఘోరమైన వడ్డీని కోర్టు తగ్గించగలదు కూడా. తగిన కారణం చూపితే గడువు పొడిగిస్తారు. అప్పటికీ కట్టకపోతే అప్పిచ్చినవాడు మళ్ళీ అర్జీ పెట్టి తుది డిక్రీ తెచ్చుకోవాలి. ఆ తర్వాతనే వేలం.

వేలం ప్రకటన తయారు చేసే ముందు రైతుకు నోటీసు వస్తుంది. దయచేసి ఈ నోటీసును వదిలిపెట్టవద్దు. భూమి విలువ ఎంతో మన అంచనా కూడా ప్రకటనలో రాయించవచ్చు. అవతలివారు ఎకరం లక్ష అంటే, మనం పక్క పొలం రిజిస్ట్రీ నకలు చూపించి నాలుగు లక్షలు అని రాయించవచ్చు. తర్వాత ఊళ్ళో దండోరా వేయించి, పొలంలోనూ కోర్టులోనూ ప్రకటన అంటించి, కనీసం 15 రోజులు ఆగాలి. తాకట్టు పట్టినవాడు తానే పాట పాడాలంటే కోర్టు అనుమతి కావాలి. భూమి మొత్తం ఒకే పాటగా అమ్మేటప్పుడు అతనికి పెట్టే కనీస ధర అతనికి రావలసిన మొత్తం బాకీ కంటే తక్కువ ఉండకూడదు. చవకగా కొట్టేసుకొని మిగతా బాకీకి మళ్ళీ మన మీద పడే ఎత్తు ఇందువలన సాగదు.

భూమి మొత్తం అమ్మనక్కరలేదు. బాకీ తీరడానికి చాలినంత భాగం అమ్మితే చాలునని కోడ్‌లోనే ఉన్నది. దీనిని సుప్రీం కోర్టు మన రాష్ట్రపు కేసులలోనే గట్టిగా చెప్పింది. 1977లో ఒక కేసు: రెండు ఊళ్ళలో భూములు వేలానికి పెట్టారు. ఒక ఊరి భూమి పాటతోనే పదహారు వేల చిల్లర డిక్రీ మొత్తం వచ్చేసింది. అయినా రెండవ ఊరి భూమి కూడా పాడేశారు. ఆ రెండవ పాట చెల్లదన్నది కోర్టు. 1989లో మరొకటి: రెండు వేల చిల్లర బాకీకి పదెకరాల భూమిని ఒకే పాటగా 17,000 రూపాయలకు అమ్మారు. కొంత భాగం అమ్మితే సరిపోయేదానికి పదెకరాలూ ఎందుకు అమ్మారని కోర్టు ఆ వేలాన్ని కొట్టివేసింది. ఇది కోర్టు దయ మీద ఆధారపడినది కాదు, చూసి తీరవలసిన బాధ్యత అన్నది. మన కోయిలకుంట్ల రైతు ఐదెకరాలలో ఒకటిన్నర అమ్మితే తీరే బాకీ అయితే, ఆ ఒకటిన్నర ఏ వైపుదో చెబుతూ ముందుగానే అర్జీ పెట్టుకోవాలి. బోరు ఉన్న వైపు నిలుపుకోవచ్చు కదా.

పాట కొట్టేసిన తర్వాత కూడా తలుపు మూసుకోదు. కొన్నవాడు నాలుగవ వంతు అక్కడికక్కడే, మిగతాది 15 రోజులలో కట్టాలి. తనఖా డిక్రీలో, వేలం ఖరారు కాకముందు ఎప్పుడైనా బాకీ మొత్తంతో పాటు పాట ధర మీద నూటికి ఐదు చొప్పున కొన్నవానికి పరిహారంగా కోర్టులో కడితే భూమి తిరిగి వస్తుంది. మామూలు డబ్బు డిక్రీలో కూడా వేలం తేదీ నుండి 60 రోజులలో ఇటువంటి అవకాశమే ఉన్నది. బంధువులు తలా కొంత వేసుకొని నిలబెట్టవలసిన సమయం ఏదైనా ఉంటే అదే. ఆ 60 రోజులు దాటిన తర్వాత ఎంత డబ్బు తెచ్చినా లాభం ఉండదు.

ఎక్స్ పార్టీ డిక్రీ అయిపోయినవారు కూడా నిరాశపడనక్కరలేదు. సమను నిజంగా అందలేదని గాని, రాలేకపోవడానికి తగిన కారణం ఉన్నదని గాని చూపి, డిక్రీ తేదీ నుండి 30 రోజులలో దానిని రద్దు చేయమని అడగవచ్చు. సమను సరిగా అందని సందర్భంలో ఆ 30 రోజులు డిక్రీ సంగతి తెలిసిన నాటి నుండి లెక్క. ఇక సమను తీసుకొనే విషయంలో ఇంట్లో ఉండే అక్కలకూ చెల్లెళ్ళకూ చెబుతున్నాను. యజమాని లేనప్పుడు ఇంట్లో ఉన్న పెద్దవారెవరికైనా, ఆడవారికైనా సమను ఇవ్వవచ్చు. తీసుకోండి, తేదీ చదివించుకోండి, ఆ సాయంత్రమే ఇంటాయనకు చెప్పండి. సమను అందిన తర్వాత జవాబు దాఖలు చేయడానికి 30 రోజులు, కోర్టు ఒప్పుకొంటే 90 రోజుల వరకు వ్యవధి ఉంటుంది.

డి-పట్టా భూములవారు మన సంఘాలలో ఎక్కువ. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం ఆ భూమిని ప్రైవేటు వ్యక్తికి అమ్మడం, తాకట్టు పెట్టడం చెల్లదు. సివిల్ కోర్టు డిక్రీ కింద జరిగిన బదిలీకీ ఆ నిషేధం వర్తిస్తుంది. షావుకారు అటువంటి పట్టా తన పెట్టెలో పెట్టుకొన్నంత మాత్రాన అతనికి హక్కు రాదు. అయితే బ్యాంకులకూ సహకార సంఘాలకూ పెట్టే తాకట్టును ఆ చట్టం మినహాయించింది. 2023లో ఈ చట్టాన్ని సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్ళు దాటిన అసలు లబ్ధిదారులకు అమ్ముకొనే హక్కు కల్పించారు. 2024లో అటువంటి భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ చేపట్టారు. గనుక మీ సర్వే నంబరు ఏ స్థితిలో ఉన్నదో తహశీల్దారు కార్యాలయంలో అడిగి రాయించుకొన్న తర్వాతే ఏ సంతకమైనా పెట్టండి.

సహకార సంఘం అప్పు ఉన్నవారు సివిల్ కోర్టు కోసం ఎదురుచూడకండి. 1964 సహకార సంఘాల చట్టం కింద రిజిస్ట్రారు శాఖ నుండే వసూలు ఉత్తర్వు వస్తుంది. అక్కడి నోటీసు కూడా కోర్టు నోటీసు వంటిదే.

ఇంకొక చిన్న సంగతి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు అదే రోజు కెనరా బ్యాంకులో కలిశాయి. మన ప్రాంతపు రాయలసీమ గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో భాగమైంది, అది 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. నోటీసు కొత్త పేరుతో వస్తే "ఇది మన బ్యాంకు కాదులే" అని పక్కన పెట్టే పెద్దలున్నారు. బోర్డు మారినా తనఖా మారదు.

వకీలుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, కరువు బాధితులకు కూడా ఉచితంగా వకీలును ఇస్తారు. షెడ్యూల్డు కులపు సర్టిఫికెట్ లేని మన కుటుంబాలు చాలా ఉన్నాయి గనుక ఈ "కరువు బాధితులు" అన్న మాట మనకు ముఖ్యం. తక్కువ ఆదాయం ఉన్నవారికి కూడా ఇదే సహాయం దొరుకుతుంది. కర్నూలు, కడప జిల్లా కోర్టులలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయాన్ని అడగండి. లోక్ అదాలత్‌లో బ్యాంకులు వడ్డీ తగ్గించి రాజీకి వస్తాయి. అక్కడ కుదిరిన రాజీ డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కట్టగలిగిన మొత్తానికే ఒప్పుకోండి.

ఆఖరున రసీదు సంగతి. డిక్రీ అయిన తర్వాత చాలామంది పెద్దమనుషుల ఎదుట, బయటే అవతలివానికి డబ్బు కట్టి కాగితం మీద సంతకం తీసుకొని ఇంటికి వస్తారు. కోర్టు బయట కట్టిన ఆ డబ్బును కోర్టులో నమోదు చేయించకపోతే వేలం జరిపే కోర్టు దానిని లెక్కలోకి తీసుకోదు. అప్పిచ్చినవాడు నమోదు చేయించకపోతే, కట్టిన తేదీ నుండి 30 రోజులలో మనమే అర్జీ పెట్టుకోవాలి. ఆ తర్వాత తనఖా చెల్లు పత్రం రాయించి రిజిస్టరు చేయించి, నెల తర్వాత ఒకసారి ఈసీ తీసి, బాకీ పేరు పోయిందో లేదో సర్వే నంబరు వారీగా చూసుకోవాలి.